ఫిట్స్ ఐదు నిమిషాలు దాటితే: కోవిడ్ రోజుల్లో ఎక్కడెక్కడ ఆలస్యమైంది

ఫిట్స్ వచ్చిన మనిషి చేతిలో ఇనుప తాళాల గుత్తి పెట్టడం మన ఇళ్లలో పాత అలవాటు. ఉల్లిపాయ చిదిమి వాసన చూపించేవాళ్లు, చెప్పు ముక్కు దగ్గర పెట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఈ వైద్యాలకు మంచి పేరు ఎలా వచ్చిందో ఊహించడం కష్టం కాదు. మామూలు ఫిట్స్ ఒకటి రెండు నిమిషాల్లో దానంతటదే తగ్గిపోతుంది. ఎవరో ఒకరు లోపలికి పరుగెత్తి బీరువా తాళాలు వెతికి తెచ్చేసరికి అది చివరికి వచ్చేసి ఉంటుంది. పేరు మాత్రం తాళాలకు దక్కుతుంది. ఫిట్స్ ఆగని రోజున కూడా అదే ధీమాతో తాళాలు పట్టుకుని కూర్చోవడమే ప్రమాదం.

ఐదు నిమిషాలు దాటినా ఒళ్లంతా కొట్టుకోవడం ఆగకపోయినా, ఒకటి ఆగి మనిషికి తెలివి రాకముందే ఇంకొకటి మొదలైనా దాన్ని డాక్టర్లు స్టేటస్ ఎపిలెప్టికస్ అంటారు. వార్డులో అయితే 'స్టేటస్‌లోకి వెళ్లాడు' అంటారు. ఒకప్పుడు అరగంట దాటితేనే ఈ పేరు వాడేవారు. 2015లో ఇంటర్నేషనల్ లీగ్ అగైనెస్ట్ ఎపిలెప్సీ ఈ రకం ఫిట్స్‌కు రెండు గీతలు గీసింది. ఐదు నిమిషాలు దాటాయంటే ఇక అది దానంతటది ఆగే అవకాశం తక్కువ, మందు పడాలి. ముప్ఫై నిమిషాలు దాటాయంటే మెదడుకు శాశ్వత నష్టం మొదలయ్యే ముప్పు ఉంది. మధ్యలో చేతిలో ఉండేది పాతిక నిమిషాలు. తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల మామూలు రోజుల్లోనే అది చాలీచాలని సమయం. 2020, 2021లో ఆ నిమిషాలు ఎక్కడెక్కడ కరిగిపోయి ఉంటాయో చూస్తే, తప్పు ఎక్కువగా దూరానిది కాదని, మొదటి డోసు ఎక్కడ ఇవ్వాలన్న అలవాటుదని అనిపిస్తుంది.

ఆ డోసుకు అంత తొందర ఎందుకంటే, మెదడులో గాబా అనే రసాయనం బ్రేకులా పనిచేస్తుంది. కణం పైపొర మీద ఆ రసాయనాన్ని అందుకునే గాబా గ్రాహకాలను పట్టుకుని ఆ బ్రేకును ఇంకాస్త గట్టిగా తొక్కించేవే మిడజోలం, లోరాజెపామ్, డయజెపామ్. ఫిట్స్ సాగుతున్నకొద్దీ కణం ఆ గ్రాహకాలను లోపలికి లాగేసుకుంటుంది. అదే సమయంలో కణాన్ని రెచ్చగొట్టే ఎన్‌ఎమ్‌డీఏ గ్రాహకాలు పైకి చేరుతాయి. బ్రేకు పెడల్ కిందికి మునిగిపోతూ, యాక్సిలరేటర్ పైకి లేస్తుందన్నమాట. అందుకే ఆరో నిమిషంలో ఒక్క సూదితో ఆగే ఫిట్స్, అదే మందు అదే మోతాదులో నలభయ్యో నిమిషంలో ఇస్తే లొంగకపోవచ్చు. మందు మారలేదు, అది పనిచేయాల్సిన చోటు మారిపోయింది.

ఇప్పుడు 2020 వేసవిలో భాకరాపేట వైపు ఒక ఇంటిని ఊహించుకుందాం. రాత్రి పది దాటాక ఇరవై ఏళ్ల కుర్రాడికి ఫిట్స్ మొదలైంది. నోట్లోంచి నురగ వస్తోంది. మామూలు రోజుల్లో అయితే ఈపాటికి వీధిలోవాళ్లు నలుగురు వచ్చి ఉండేవాళ్లు. ఒకరు పక్కకు తిప్పి పట్టుకునేవారు, ఒకరు బండి తెచ్చేవారు. ఆ రోజుల్లో దగ్గితేనే తలుపులు మూసుకున్నారు. నురగ చూశాక గడప దాటి లోపలికి వచ్చేదెవరు? ఇంట్లో ఉన్నది తల్లి, తాత. మూతికి మాస్కు అలాగే ఉండిపోతే నురగ, ఉమ్ము ఊపిరికి అడ్డం పడతాయి. ముందు తీయాల్సింది అదే. పక్కకు తిప్పి పడుకోబెట్టడం, మెడ దగ్గర బట్టలు వదులు చేయడం, నోట్లో స్పూనూ నీళ్లూ ఏమీ పెట్టకపోవడం, గోడ గడియారం చూసి టైము గుర్తుపెట్టుకోవడం. ఇంతే మొదటి సాయం. ఇందులో చివరిది ఎక్కువమంది మరిచిపోతారు. డాక్టరు మొదట అడిగేది దాని గురించే. 'చానాసేపు' అన్న జవాబుతో ఆయనకు రెండు నిమిషాలో ఇరవై నిమిషాలో తేలదు.

అక్కడి నుంచి తిరుపతి రావాలంటే ఘాట్ దిగాలి. మదనపల్లె నుంచైతే వందకు పైగా కిలోమీటర్లు. కుప్పం ఇంకా దూరం. ఇవన్నీ అప్పటికి ఒకే చిత్తూరు జిల్లా, తిరుపతి వేరే జిల్లా అయింది 2022 ఏప్రిల్‌లో. 108 రాష్ట్రంలో 2005 నుంచి తిరుగుతున్నదే, 2020 జులైలో కొత్త బండ్లూ వచ్చాయి. కోవిడ్ ఉధృతంగా ఉన్న రోజుల్లో ఒక రోగిని దించాక బండి కడిగి, మందు చల్లి, సిబ్బంది కిట్లు మార్చుకుంటే గానీ ఇంకో కాల్‌కు కదలకూడదు. కావాల్సిన జాగ్రత్తే, కానీ ఫిట్స్ గడియారం ఆ లోపల ఆగదు.

ఇక ఆస్పత్రి గేటు. ఇక్కడ ఒక తిరకాసు ఉంది, దాని గురించి తగినంత చర్చ జరగలేదు. గేటు దగ్గర థర్మల్ గన్, వేలికి పల్స్ ఆక్సీమీటర్. జ్వరం ఉండి, ఆక్సిజన్ తక్కువగా ఉంటే కోవిడ్ అనుమానితుల వరుస. అరగంటగా ఒళ్లంతా కొట్టుకుంటున్న మనిషికి కండరాల శ్రమతోనే ఒళ్లు కాలిపోతుంది. ఊపిరి సరిగా ఆడక ఆక్సిజన్ పడిపోతుంది. నోట్లోంచి లోపలికి పోయిన లాలాజలం వల్ల ఛాతీ ఎక్స్‌రేలో మచ్చలు కూడా కనిపించవచ్చు. ఆయనకు వైరస్ ఉన్నా లేకున్నా, ఆగని ఫిట్స్ ఒక్కటే చాలు కోవిడ్ వేషం కట్టించడానికి. ఇది ఇటు నుంచి అటు కూడా నిజం. అసలైన కోవిడ్ జ్వరం, ఆక్సిజన్ లోటు, ఒంట్లో సోడియం తగ్గడం, మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టడం వంటివి ఫిట్స్ తెప్పించగలవు, అయితే అలాంటి కేసులు తక్కువే. గేటు దగ్గర నిలబడి ఈ రెండింటిని విడదీయడం ఎవరి తరమూ కాదు. చేయగలిగిందల్లా పరీక్ష ఫలితం కోసం ఆగకుండా, ప్రతి రోగినీ పాజిటివ్‌గానే అనుకుని కిట్ వేసుకుని, అక్కడికక్కడే సూది పొడవడం. రాష్ట్రంలో తొలినాళ్లలో కోవిడ్ పరీక్షలు చేసిన ల్యాబుల్లో తిరుపతి స్విమ్స్‌ది ఒకటి. పరీక్ష ఊళ్లోనే జరిగినా ఆర్‌టీపీసీఆర్‌కు పట్టేది గంటలు, ఇక్కడ లెక్క నిమిషాల్లో.

సూది విషయంలో ఒక పాత పరిశోధన కోవిడ్ కాలానికి కొలిచి కుట్టినట్టు సరిపోయింది. 2012లో అచ్చయిన రాంపార్ట్ అధ్యయనంలో అమెరికా అంబులెన్సుల్లో 893 మందిని చూశారు. కొందరికి కండకు మిడజోలం, కొందరికి నరానికి లోరాజెపామ్. నరానికి ఇచ్చిన మందు ఒంట్లోకి వెళ్లాక వేగంగానే పనిచేసింది, సుమారు నిమిషంన్నరలో. కండకు ఇచ్చినదానికి మూడు నిమిషాలు దాటింది. కానీ కొట్టుకుంటున్న చేతికి నరం దొరకబట్టడానికే దాదాపు ఐదు నిమిషాలు పోయాయి. తొడకు పొడవడానికి నిమిషం పైచిలుకు చాలింది. ఆస్పత్రి చేరేసరికి ఇంకో మందు అక్కర్లేకుండా ఫిట్స్ ఆగినవాళ్లు కండ సూది వైపు నూటికి 73 మంది, నరం వైపు 63 మంది. ఆ ఐదు నిమిషాలు మామూలు చేతులతో పట్టిన సమయం. రెండు జతల గ్లవ్స్, ఆవిరి పట్టిన కళ్లద్దాలు, కిట్ లోపల కారే చెమటతో నరం వెతకడం ఎంతసేపో ఆ రోజుల్లో క్యాజువాలిటీలో పనిచేసిన ఏ సిస్టర్‌ను అడిగినా చెబుతారు.

లోరాజెపామ్‌తో ఇంకో ఇబ్బంది. దాన్ని ఫ్రిజ్‌లో ఉంచాలి. మే నెలలో తిరుపతి ఎండకు, రేణిగుంట రోడ్డు మీద నిలిపిన బండిలో అది ఎన్నాళ్లు బలంగా ఉంటుంది? మిడజోలం గది వేడిని తట్టుకుంటుంది. అయితే దానిలోనూ ఒక మెలిక ఉంది, పుస్తకం చదివితే తెలియదు, సీసా పట్టుకుంటేనే తెలుస్తుంది. నలభై కిలోలు దాటినవాళ్లకు కండకు ఇవ్వాల్సింది 10 మిల్లీగ్రాములు, పదమూడు నుంచి నలభై కిలోల లోపు 5 మిల్లీగ్రాములు. మన దగ్గర ఎక్కువగా కనిపించే సీసాల్లో ఒక మిల్లీలీటరుకు ఉండేది ఒక మిల్లీగ్రామే. పది మిల్లీగ్రాములంటే పది మిల్లీలీటర్లు, అంత నీళ్లను ఒక్క తొడలోకి ఎక్కించలేరు. మిల్లీలీటరుకు ఐదు మిల్లీగ్రాములుండే చిక్కటి ఆంపూల్ ఉంటే రెండు మిల్లీలీటర్లతో పని అయిపోతుంది. ఎమర్జెన్సీ ట్రేలో ఆ ఆంపూల్ పెట్టాలా వద్దా అనేది మందులు తెప్పించే స్టోర్ ఇండెంట్‌లో ఒక గీత. రోగికి మాత్రం ఆ గీతే సర్వం.

కోవిడ్ కాలంలో డోసు తగ్గించడానికి ఇంకో భయం తోడైంది. ఈ మందులు ఊపిరిని మందగింపజేస్తాయి. ఊపిరి మందగిస్తే గొంతులో ట్యూబు వేయాలి. ట్యూబు వేసేటప్పుడు వైరస్ తుంపరలు గాల్లోకి లేస్తాయి, పక్కనున్న డాక్టరుకు, సిస్టర్‌కు అంటుకునే ప్రమాదం అప్పుడే ఎక్కువ. అందుకని 'సగం ఇచ్చి చూద్దాం' అనిపించడం సహజం. కానీ లెక్క చూస్తే ఆ భయం తలకిందులుగా ఉంది. 2001లో అచ్చయిన శాన్‌ఫ్రాన్సిస్కో అంబులెన్స్ అధ్యయనంలో 205 మందిని మూడు జట్లు చేశారు. లోరాజెపామ్ పడినవాళ్లలో నూటికి 59 మందికి, డయజెపామ్‌తో 43 మందికి దారిలోనే ఫిట్స్ ఆగింది. మందు లేని ఉత్త ద్రవం పడినవాళ్లలో ఆగింది 21 మందికే. ఊపిరి, గుండె, బీపీ ఇబ్బందులు మందు పడ్డ రెండు జట్లలోనూ నూటికి పదిమందికి పైచిలుకు. మందు పడని జట్టులో 22 మందికి పైనే. అంటే ఊపిరిని ఆపేది ప్రధానంగా మందు కాదు, ఆగని ఫిట్సే. ట్యూబు వేయాల్సిన పని తప్పించుకోవాలనుకునే డాక్టరుకు దగ్గరి దారి పూర్తి డోసు ముందుగా ఇవ్వడం. సగం డోసు ఇస్తే ఫిట్సూ ఆగదు, ట్యూబూ తప్పదు. కోవిడ్ లేని రోజులకూ ఇదే వర్తిస్తుంది.

మొదటి మందుకు లొంగకపోతే రెండో వరుస. ఇక్కడ 2019లో వచ్చిన ఈసెట్ అధ్యయనం పెద్ద వాదనకు తెర దించింది. లెవెటిరాసెటమ్, ఫాస్‌ఫెనిటాయిన్, వాల్‌ప్రోయేట్ మూడూ ఇంచుమించు సమానం, దేనితోనైనా సగానికి కాస్త తక్కువమందికి ఆగుతుంది. కోవిడ్ రోగిలో మాత్రం ఎంపికకు కారణాలు వచ్చాయి. ఎప్టాయిన్ పేరుతో అందరికీ తెలిసిన ఫెనిటాయిన్ గుండె లయను, బీపీని దెబ్బతీయగలదు. అప్పట్లో కోవిడ్‌కు విరివిగా వాడిన హైడ్రాక్సీక్లోరోక్విన్‌కూ గుండె లయతో పేచీ ఉంది. పైగా ఫెనిటాయిన్ కాలేయాన్ని ఉరకలెత్తించి, కోవిడ్‌కు ఇచ్చే డెక్సామెథసోన్ లాంటి మందుల్ని త్వరగా ఖర్చు చేయిస్తుంది. లెవెటిరాసెటమ్‌కు ఈ గొడవలు దాదాపు లేవు, పది నిమిషాల్లో ఎక్కించవచ్చు. దీని డోసు కిలోకు 60 మిల్లీగ్రాములు, గరిష్ఠం 4,500. అరవై కిలోల మనిషికి 3,600 మిల్లీగ్రాములు, ఐదొందల సీసాలు ఏడు దాటాలి. 'ఒక గ్రాము ఇవ్వండి' అని రాసి రెండు సీసాలతో సరిపెడితే అది మూడో వంతు కూడా కాదు. మందు పనిచేయలేదని కేస్‌షీట్‌లో రాసిన చోట చాలాసార్లు మందు సరిపడా వెళ్లలేదని చదువుకోవాలి.

రెండో వరుసకూ లొంగనివాళ్లకు మత్తు ఇచ్చి వెంటిలేటర్ మీద పెట్టాలి. మిడజోలం డ్రిప్పు, ప్రొపొఫాల్, లేదంటే థయోపెంటోన్. కోవిడ్‌తో వెంటిలేటర్ మీదున్నవాళ్లను నిద్రలో ఉంచేదీ ఈ మిడజోలం, ప్రొపొఫాలే. ఒకే మందు, ఒకే మంచం, ఒకే మిషను, రెండు రకాల రోగులు. ఈ మందులకు ప్రపంచమంతటా కొరత వచ్చింది. తిరుపతిలో శ్రీ పద్మావతి మహిళా వైద్య కళాశాల ఆస్పత్రి కోవిడ్ ఆస్పత్రిగా మారింది, బస్టాండు దగ్గరి శ్రీనివాసం, రైల్వే స్టేషన్ ఎదుటి విష్ణునివాసం కోవిడ్ కేర్ సెంటర్లయ్యాయి. భక్తులు పడుకునే గదుల్లో రోగులు. 2021 మే 10 రాత్రి తిరుపతి ప్రభుత్వ ఆస్పత్రి రుయాలో ఆక్సిజన్ ట్యాంకర్ ఆలస్యమై సరఫరా ఒత్తిడి పడిపోయినప్పుడు 11 మంది చనిపోయినట్టు అధికారులు ప్రకటించారు. ఊరంతా ఆక్సిజన్ కోసం అల్లాడుతున్న వారంలో ఫిట్స్ రోగికి ఐసీయూ మంచం ఎక్కడ దొరుకుతుంది? మంచం దొరకని రోజుల్లో అసలు మంచం అవసరమే రాకుండా మొదటి పది నిమిషాల్లో పని ముగించడం ఎంత ముఖ్యమో ఇక్కడ కనిపిస్తుంది.

కొట్టుకోవడం ఆగితే ఫిట్స్ ఆగినట్టేనా? కాదు. చేతులు కాళ్లు నిమ్మళించాక కూడా మెదడులో విద్యుత్తు తుఫాను నడుస్తూనే ఉండొచ్చు. కనురెప్ప అదరడం, కళ్లు ఒక పక్కకే లాగడం, గంట గడిచినా తెలివి రాకపోవడం దాని గుర్తులు. మెదడులోని విద్యుత్తును గీతలుగా చూపే ఈఈజీ తీస్తే గానీ ఖాయం కాదు. తలకు ఇరవై వైర్లు అంటించే టెక్నీషియన్ రోగి మొహానికి జానెడు దూరంలో అరగంట ఉండాలి కాబట్టి కోవిడ్ రోజుల్లో ఈఈజీలు బాగా తగ్గించారు. కొన్నిచోట్ల తక్కువ వైర్లతో తీశారు, ఏమీ లేకపోవడం కంటే అది మేలే.

అసలు ఇంతమంది ఈ స్థితికి ఎందుకు వచ్చారన్నదానికి ఎక్కువసార్లు జవాబు వైరస్ కాదు, మాత్ర. మూర్ఛ ఉన్నవాళ్లు స్టేటస్‌లోకి వెళ్లడానికి పెద్ద కారణాల్లో ఒకటి మందు హఠాత్తుగా ఆగిపోవడం. చిత్తూరు, పలమనేరు వైపు వాళ్లలో చాలామందికి పెద్దాసుపత్రి అంటే తమిళనాడులోని వేలూరే. చీటీ అక్కడిది, మందులూ చాలాసార్లు అక్కడివే. 2020 మార్చి 25న లాక్‌డౌన్ పడింది. ఏప్రిల్ చివర్లో వేలూరు జిల్లా అధికారులు సరిహద్దు రోడ్లకు అడ్డంగా ఏకంగా గోడలే కట్టించారు, విమర్శలు రాగానే కూల్చేశారు. గోడ ఉన్నది కొన్నాళ్లు కూడా కాదు, కానీ అవతల వైద్యం ఉన్నవాళ్ల గుండెల్లో అది చాలాకాలం నిలబడింది. లాక్‌డౌన్ మొదలైన రోజే కేంద్రం టెలీమెడిసిన్ నిబంధనలు తెచ్చింది, ఫోన్‌లో చీటీ రాయడానికి దారి ఏర్పడింది. మెలిక ఏమిటంటే, మాదకద్రవ్యాల చట్టం కిందికి వచ్చే మందులు అలా రాయకూడదని మొదట్లో అందులోనే ఉంది. మూర్ఛకు రోజూ వాడే క్లోబజామ్, చవకైన ఫినోబార్బిటోన్, అత్యవసరంలో వాడే మిడజోలం ఆ చట్టం కిందివే. వీటిలో మొదటి రెండూ ఉన్నపళంగా ఆపితే ఫిట్స్ విరుచుకుపడే మందులే.

ఈ మొత్తంలో అన్నిటికంటే తక్కువ ఖర్చుతో ఎక్కువ నిమిషాలు మిగిల్చేది ఇంట్లో ఉండే మిడజోలం ముక్కు స్ప్రే. దీనికి నరం వెతకక్కర్లేదు, 108 వచ్చేదాకా ఆగక్కర్లేదు. డాక్టరు ముందే రాసిచ్చి, ఎలా కొట్టాలో తల్లికి చేసి చూపిస్తే, ఐదో నిమిషానికి మొదటి డోసు పడిపోతుంది. స్ప్రే ఇచ్చాక కూడా 108కి ఫోన్ చేయాల్సిందే, ఊపిరి చూస్తూ ఉండాల్సిందే. అయినా ఇంతకాలం ఇది పట్నం ప్రైవేటు డాక్టర్ల చీటీల్లోనే ఎక్కువగా కనిపించడం విచిత్రం. ఘాట్‌కు అవతల ఉన్న ఇంటికి కదా దీని అవసరం ఎక్కువ.

ఒక్క జాగ్రత్త మాత్రం కోవిడ్ రోజుల్లో బాగా తప్పిపోయింది. డోసు బరువును బట్టి కిలోకు 0.2 మిల్లీగ్రాములు. పదిహేను కిలోల పిల్లకు మూడు మిల్లీగ్రాములు. ఒక్కో నొక్కుకు అర మిల్లీగ్రాము వచ్చే స్ప్రే అయితే ఆరు నొక్కులు, రెండు ముక్కుల్లో పంచి. ఇంకో కంపెనీ స్ప్రేలో నొక్కుకు ఎక్కువ మందు రావచ్చు, అప్పుడు నొక్కుల లెక్క మారుతుంది. అందుకే 'నాలుగుసార్లు కొట్టండి' అని కాకుండా మిల్లీగ్రాములు, నొక్కులు రెండూ చీటీ మీద ఉండాలి. పిల్లలు ఆగరు, పెరుగుతారు. 2020 మొదట్లో పన్నెండు కిలోలున్న పిల్ల ఏడాదిన్నర తర్వాత పదహారు కిలోలు తూగుతుంది. ఆ మధ్యలో ఆస్పత్రికి వెళ్లలేదు, ఎవరూ తూకం వేయలేదు, ఫోన్‌లో డాక్టరు పాత చీటీ చూసి 'అదే వాడండి' అన్నారు. తూకానికి ఆస్పత్రే అక్కర్లేదు. రేషన్ డిపోలో బియ్యం తూచే కాటా మీద నిలబెట్టి, ఆ అంకె చీటీ వెనక పెన్నుతో రాసి, తారీఖు వేసి, ఫోన్‌లో ముందుగా అదే చెబితే చాలు.